డాక్టరేటు ఎకనామిక్సులోనా, కామర్సులోనా?

కర్నూలు: పత్తి ధర పడిపోయినప్పుడు ఆదోని యార్డులో రైతు అడిగేది ఒకే ప్రశ్న, ఎందుకు పడిందని. దానికి జవాబు వెతికే చదువులు మాత్రం మూడున్నాయి. వాన, మద్దతు ధర, ఎగుమతి, రైతు అప్పు అన్నీ కలిపి కారణం తేల్చేది అర్థశాస్త్రం. జిన్నింగు మిల్లుకు పెట్టుబడి ఎక్కడిది, బ్యాంకు అప్పు ఎంత, జమాఖర్చులు ఎలా ఉన్నాయని చూసేది కామర్సు. మిల్లు నడిపేవారు సరుకు కొనడంలో, కూలీల విషయంలో నిర్ణయాలు ఎలా తీసుకుంటారో పరిశీలించేది మేనేజిమెంటు.

పీజీ ముగించిన పల్లె పిల్లలు చిక్కుపడేది ఇక్కడే. ఎందులో సీటొస్తే అందులో చేరదామనుకుంటారు. చేరాక వెనక్కు రావడం కష్టం. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. వర్షాధార సేద్యంపై బతికే ఇంట్లో ఎదిగిన బిడ్డ అన్నాళ్లు సంపాదన లేకుండా ఉండటం చిన్న మాట కాదు.

అందుకే ముందు ఫెలోషిప్పు సంగతి చూసుకోవాలి. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి అమలైన రేటు ప్రకారం తొలి రెండేళ్లు నెలకు 37,000, ఆపైన 42,000 రూపాయలు ఇస్తారు. అదీ ఐదేళ్లే. ఆరో ఏడు పట్టిందంటే సొంత ఖర్చు.

నెట్ ఒక్కో సబ్జెక్టుకు వేరుగా ఉంటుంది. రూరల్ ఎకనామిక్స్, సహకారం, బిజినెస్ ఎకనామిక్స్ అన్నీ అర్థశాస్త్రం పేపరు కిందికే వస్తాయి. పేరులో బిజినెస్ ఉంది గదా అని కామర్సు అనుకోరాదు. ఉద్యోగ ప్రకటనల్లోనూ పీజీ ఏ సబ్జెక్టులో చేశారన్నది ముందు చూస్తారు. ఎం.కాం. చదివి అర్థశాస్త్రంలో డాక్టరేటు తెచ్చుకున్నంత మాత్రాన ఎకనామిక్సు పోస్టు ఖాయం కాదు. లెక్చరరు పనే లక్ష్యమైతే మరో మాట. అసిస్టెంటు ప్రొఫెసరు పోస్టుకు పీహెచ్‌డీ తప్పనిసరి కాదని, నెట్, సెట్ వంటివి కనీస అర్హత అని యూజీసీ 2023లో తేల్చింది.

సీమలో ఒకప్పుడు పరిశోధన అంటే తిరుపతి ప్రయాణమే. అనంతపురంలో 1981లో శ్రీకృష్ణదేవరాయ, కడపలో 2006లో యోగి వేమన, కర్నూలులో 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయం వచ్చాయి. అయితే విశ్వవిద్యాలయం పేరు కన్నా గైడు ముఖ్యం. ప్రొఫెసరు వద్ద ఎనిమిది మందికి, అసోసియేట్ వద్ద ఆరుగురికి, అసిస్టెంటు వద్ద నలుగురికి మించి తీసుకోరాదు. ఖాళీ ఉందా, మనకు కావలసిన అంశంపై ఆయన పనిచేస్తున్నారా అని ముందే విచారించుకోవాలి. పూర్తయిన సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగ వెబ్‌సైటులో ఉచితంగా చదవవచ్చు. నాలుగు తిరగేస్తే శాఖల తేడా ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

పెళ్లయిందని మధ్యలో మానేసే అమ్మాయిలు ఒకటి తెలుసుకోవాలి. మహిళలకు గడువు మరో రెండేళ్లు పెంచే వీలుంది, 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు కూడా ఉంది. ఉద్యోగంలో ఉన్నవారు పార్ట్‌టైంగా చేయవచ్చు గానీ, పై అధికారి నుంచి అభ్యంతరం లేదన్న పత్రం ముందే తెచ్చుకోవాలి.