ఇసుకలో మనిషి ఆకారం.. చెరిపేసిన అలలు! ఆనా మెండియెటా ఆర్ట్ వెనకున్న బాధేంటి?

బీచ్‌కి వెళ్తే ఇసుకలో పేరు రాస్తాం. అల వచ్చి చెరిపేస్తుంది. నవ్వుకుని మళ్లీ రాస్తాం. ఇలాంటి పనితోనే తన జీవితంలోని పెద్ద బాధను చెప్పుకున్నారు ఓ ఆర్టిస్ట్. ఆమే ఆనా మెండియెటా.

ఎవరీమె?

1948లో క్యూబా రాజధాని హవానాలో పుట్టారు. క్యాస్ట్రో అధికారంలోకి వచ్చాక చాలా మంది తల్లిదండ్రులు భయపడి పిల్లలను అమెరికా పంపేశారు. 'ఆపరేషన్ పీటర్ పాన్' పేరుతో అలా వెళ్లిన పిల్లలు 14 వేల మందికి పైనే. 1961లో 12 ఏళ్ల ఆనా, ఆమె అక్క కూడా వెళ్లారు. అయోవాలో అనాథాశ్రమాలు, పరాయి ఇళ్లలో పెరిగారు. తల్లి వచ్చేసరికి 1966 అయింది. క్యూబాలో జైలుపాలైన తండ్రి 1979లో గానీ రాలేకపోయారు.

ఏం చేశారు?

నేల, రాళ్లు, ఇసుక, నీళ్లతో ఆరుబయట చేసేది ల్యాండ్ ఆర్ట్. ఆర్టిస్ట్ శరీరం, ఆ క్షణంలో చేసే పని.. అదే పర్ఫార్మెన్స్ ఆర్ట్. మెండియెటా ఈ రెండింటినీ కలిపేశారు. 1970లో రాబర్ట్ స్మిత్సన్ యంత్రాలతో రాళ్లు పోయించి, సుమారు 460 మీటర్ల పొడవున 'స్పైరల్ జెట్టీ' కట్టారు. మెండియెటాకి మాత్రం కొలత తన ఒంటి పొడవే.

1973లో మెక్సికోలో మొదలైన ఈ సిరీస్ పేరు 'సిలుయెటా'. అంటే మనిషి ఆకారం. 1976లో అక్కడి లా వెంటోసా బీచ్‌లో తడి ఇసుకను ఆ ఆకారంలో తవ్వి, ఎర్ర రంగు నింపారు. అలలు వచ్చాయి. రంగు నీళ్లలో కలిసిపోయింది, అంచులు కూలిపోయాయి. ఒక్కో దశనూ ఫొటో తీశారు. ఇప్పుడు మనకు మిగిలింది ఆ ఫొటోలే.

ఎందుకు చెరిగిపోనివ్వాలి?

ఆ ఆకారంలో మనిషి లేదు. మనిషి ఉన్న చోటు మాత్రమే ఉంది. ఊరు వదిలి వచ్చినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఇల్లు అక్కడే ఉంటుంది, అందులో మనం ఉండం. మన దగ్గర అస్థికలు నీళ్లలో కలుపుతాం కదా.. చేతిలో ఉన్నదాన్ని వదలడం కూడా దుఃఖంలో ఒక భాగమే.

మరి బరువు దిగిపోయిందా? అలా అనిపించదు. దిగిపోతే ఒక్కసారితో ఆగిపోవాలి. ఆమె 1980 వరకు గడ్డి మీద, మట్టిలో, మంచులో ఆ ఆకారాన్ని మళ్లీ మళ్లీ చేస్తూనే ఉన్నారు.

తర్వాత ఏమైంది?

1980లో.. అంటే 19 ఏళ్ల తర్వాత క్యూబాలో అడుగుపెట్టారు. 1981లో హవానా దగ్గర్లోని హరూకో గుహల్లో సున్నపురాయి మీద స్త్రీ ఆకారాలు చెక్కారు. ఇసుకలా ఒక్క అలకు పోయేవి కావు అవి. అదే ఏడాది ఫ్లోరిడాలోని కీ బిస్కేన్ తీరంలో 'ఓచున్' అనే వీడియో తీశారు. ఇసుకతో పోసిన రెండు గట్లు శరీరం అంచుల్లా కనిపిస్తాయి. మధ్యలోంచి నీళ్లు పారుతుంటాయి. ఆ సముద్రానికి అవతల ఉన్నది క్యూబానే!

1985లో 36 ఏళ్లకే న్యూయార్క్‌లో మెండియెటా చనిపోయారు. ఈసారి లా వెంటోసా ఫొటోలు కనిపిస్తే స్క్రోల్ చేసేయకండి. మొదటి ఫొటో నుంచి చివరి ఫొటో వరకు ఎరుపు ఎలా తగ్గుతుందో ఒక్క నిమిషం చూడండి.