ఇత్తడి సర్పమూ, మన నూనె సీసాలూ



మొన్నటి వర్షాకాలంలో పామర్రు దగ్గరి ఒక పల్లె నుండి ఒక తల్లి తన కుమారుణ్ణి ఓపీకి తీసుకువచ్చింది. అతనికి టి.బి. అంతకు ముందు రెండు నెలలు మందులు వాడాడు. జ్వరం పోయింది, దగ్గు తగ్గింది, అన్నం సయించింది. ఒక ఆదివారం సంఘంలో నిలబడి సంపూర్ణ స్వస్థత పొందానని సాక్ష్యమిచ్చాడు. సాక్ష్యమిచ్చిన నోటితో మళ్ళీ మాత్ర మింగితే అవిశ్వాసమవుతుందని మందులు మానేశాడు. నాలుగు నెలలకు కళ్ళెలో రక్తం కనిపించింది. ప్రార్థన నూనె సీసా మాత్రం దిండు కింద భద్రంగా ఉందట.

ఆ కుర్రవాడు అబద్ధం చెప్పలేదు. నిజంగానే అతనికి బాగుంది. మనల్ని మనం మోసపుచ్చుకునేది ఇలాంటి సగం నిజాలతోనే. టి.బి. మందులు మొదటి వారాల్లోనే చాలా క్రిములను చంపుతాయి గనుక రోగికి ఓపిక వస్తుంది. మిగిలినవి మెల్లగా, అణిగి ఉంటాయి. వాటి కోసమే సాధారణంగా ఆరు నెలల చికిత్స. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు, ఆ మందులకు లొంగని క్రిములూ తయారు కావచ్చు.

సంఖ్యాకాండము 21వ అధ్యాయంలోని ఇత్తడి సర్పము మనకు తెలుసు. దేవుడు చేయమంటేనే మోషే చేశాడు. పాము కాటు తిన్నవారు దానివైపు చూసి బ్రతికారు. తరువాత ఏమైందో రెండవ రాజుల గ్రంథము 18వ అధ్యాయంలో ఉంది. వందల ఏళ్ళ తరువాత ఇశ్రాయేలీయులు దానికే ధూపం వేస్తున్నారు. హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. అది అన్యదేశం నుండి వచ్చిన విగ్రహం కాదు, ఒకప్పుడు మేలు చేసిన వస్తువే! అందుకే దాన్ని అనుమానించడం ఎవరికీ తోచలేదు కాబోలు. నూనె రాసి ప్రార్థించమని యాకోబు పత్రికలోనూ ఉంది, కాదనము. కానీ సీసా ఇంట్లో లేని రాత్రి నిద్ర పట్టకపోతే, మన భరోసా ఎక్కడున్నట్టు?

2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య గారి కరోనా మందు కోసం వేలమంది గుమిగూడారు. గుంపుల్లోనే పాకే జబ్బుకు మందు కోసం గుంపు! ఆ నెలాఖరులో ప్రభుత్వం కంటి చుక్కలకు కాక, మిగిలినవాటిలో కొన్నింటికి అనుమతినిచ్చింది. వారిని చూసి నవ్వినవారు తమ ఇంటి అలమరా కూడా ఒకసారి తెరిచి చూసుకోవాలి.

ఆసుపత్రివాళ్ళం మేమూ తప్పించుకోలేము. ఇక్కడి విగ్రహం సెలైన్ సీసా. "నీరసంగా ఉందండీ, ఒక సీసా ఎక్కించండి" అని అడగని రోజు లేదు. ఐదు శాతం గ్లూకోజు ఉన్న అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. అంటే ఐదారు చెంచాల పంచదారంత. వాంతులు, విరేచనాలతో నీరు తాగలేనివారికి సెలైన్ ప్రాణం నిలబెడుతుంది. నోటితో తాగగలిగినవారికి గంజి చాలు. ఇక "మా డాక్టరమ్మ హస్తవాసి" అనే మాట ఉంది. వినడానికి మాకూ తీయగానే ఉంటుంది, అదే భయం. ఆసా రాజు పాదాల జబ్బులో వైద్యులనే నమ్ముకుని దేవుణ్ణి మరిచాడని దినవృత్తాంతములు చెబుతున్నాయి.

మరి పరీక్ష చేయించుకోవడం అవిశ్వాసమా? లేవీయకాండము 13వ అధ్యాయం చదవండి. మచ్చ అనుమానంగా ఉంటే యాజకుడు ఏడు దినాలు ఆగి మళ్ళీ చూడాలి, అప్పటికీ తేలకపోతే ఇంకో ఏడు దినాలు. ప్రభువైన యేసు కూడా పదిమంది కుష్ఠరోగులను యాజకులకు కనబరచుకొమ్మనే పంపాడు. ఆయన ఇచ్చిన స్వస్థత పరీక్షకు భయపడలేదు. సర్పాన్ని పగులగొట్టిన హిజ్కియా కూడా జబ్బుపడి, కన్నీళ్ళతో ప్రార్థించి, స్వస్థత మాట పొందినప్పుడు, యెషయా అతని పుండుకు అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. వద్దనలేదు ఆ రాజు.

ఆ కుర్రవాడి కళ్ళెను, మందులకు లొంగని క్రిములున్నాయేమోనని కూడా, పరీక్షకు పంపాము. లేవని తేలింది. మందులు మళ్ళీ మొదలయ్యాయి. ప్రభుత్వం ఇవి ఉచితంగా ఇస్తుంది. పోషణ కోసం 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చేది, 2024 నవంబరు నుండి దాన్ని 1000 చేసింది. ఇందుకు ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకువెళ్ళాలి. తల్లి ఇప్పుడు ప్రతి ఉదయం ప్రార్థన అయ్యాక తానే మాత్రలు అతని చేతిలో పెడుతోంది. ఈసారి సాక్ష్యం కళ్ళె పరీక్ష కాగితం వచ్చాకే అని కాపరిగారు అతనితో చెప్పారట.