వార్తల్లో పదం: బహుముఖ పేదరికం

చేతిలో డబ్బు లేకపోవడమే పేదరికం కాదు. పోషణ, చదువు, శుభ్రమైన వంట ఇంధనం, మరుగుదొడ్డి, తాగునీరు, ఇల్లు వంటివి ఒకేసారి కరువైతే అది బహుముఖ పేదరికం. నీతి ఆయోగ్ దీన్ని 12 సూచికలతో కొలుస్తుంది. వాటి మొత్తం వెయిటేజీలో మూడో వంతు లేదా అంతకు మించి లోటున్న కుటుంబం పేదదే. 2015-16లో దేశ జనాభాలో 24.85 శాతం ఇలాంటి పేదలు; 2019-21 నాటికి 14.96 శాతం.

ఈ లెక్కలో పిల్లల స్థితి కూడా కీలకం. వాన మొహం చాటేస్తే కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో కుటుంబాలు సుగ్గికి, అంటే పనుల కోసం వలసకు, కదులుతాయి. వెంట వెళ్లిన బిడ్డకు బడి, మధ్యాహ్న భోజనం, అంగన్‌వాడీ గుడ్డు ఒక్కసారిగా దూరమవుతాయి. ఎదిగే వయసులో పడిన ఆ లోటు తర్వాత పూడ్చడం కష్టం.

ఈ లోటుకు అదే జిల్లాలోని ఓర్వకల్లు ఒక దారి చూపింది. అక్కడి ఆడవాళ్లు 1990లలో రూపాయి రూపాయి కూడబెట్టి పొదుపు సంఘాలు కట్టారు. మండల ఐక్య సంఘంగా ఎదిగి, పిల్లల కోసం బాలభారతి బడినే నడిపారు. పొదుపుతోనే ఆగకుండా బిడ్డ చదువుదాకా ఆలోచించిన ఆ తల్లుల చూపే బహుముఖ పేదరికానికి సిసలైన జవాబు.