బేస్ గిటార్ సాధనకు బుల్లి యాంప్

బేస్ గిటార్‌కు ఉన్న నాలుగు తీగల్లో అన్నిటికన్నా లావుది ‘ఇ’ తీగ. మీటితే సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. గాలిలో ఆ ధ్వని తరంగం పొడవు 8 మీటర్ల పైమాటే. ఇంత మంద్రమైన స్వరాన్ని లోపల డొల్ల లేని చెక్కతో చేసిన వాద్యం సొంతంగా వినిపించలేదు, యాంప్ కావాల్సిందే. గిటార్ల తయారీదారు లియో ఫెండర్ 1951లో ప్రిసిషన్ బేస్ గిటార్‌ను తెచ్చాడు. మరుసటి ఏడాదే దానికి జోడుగా బేస్‌మన్ యాంప్ వచ్చింది. 1960లో యాంపెగ్ సంస్థ బి-15 పోర్టాఫ్లెక్స్‌ను విడుదల చేసింది. వాయించడం అయ్యాక పైనున్న యాంప్‌ను తలకిందులు చేసి స్పీకర్ పెట్టెలోకి దించేయవచ్చు. అయినా అది బరువైనదే. ఇప్పుడు ఇంట్లో సాధనకు దొరికేవి చాలావరకు 10 నుంచి 30 వాట్లవి. 8 అంగుళాల స్పీకరుతో 10 కిలోల లోపు ఉండి ఒంటిచేత్తో మోసుకెళ్లేలా ఉంటాయి.

కొన్నవాళ్లలో చాలామంది మొదట చేసే పని బేస్ నాబ్‌ను చివరిదాకా తిప్పడం. గుండెల్లో అదిరే శబ్దం కావాలన్న కోరిక సహజమే. కానీ 8 అంగుళాల స్పీకర్ 41 హెర్ట్జ్‌ను బలంగా పలికించలేదు. అది బాగా పలికించేది అదే స్వరానికి రెట్టింపు, మూడింతలుగా ఉండే 82, 123 హెర్ట్జ్ పౌనఃపున్యాలను. వాటిని బట్టి చెవి అడుగు స్వరాన్ని పోల్చుకుంటుంది. బేస్ నాబ్ పెంచేకొద్దీ స్పీకర్ ముందుకూ వెనక్కూ కొట్టుకుని గరగరలాడుతుంది తప్ప లోతు రాదు. కాబట్టి బుల్లి యాంప్ నుంచి ఆశించాల్సింది అదురు కాదు, స్పష్టత.

కలిపే పద్ధతి తేలికే. యాంప్ వాల్యూమ్ సున్నాలో ఉంచి కేబుల్ రెండు చివరలూ గుచ్చి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. కేబుల్ వాద్యాలకు వాడే షీల్డ్ ఉన్నదై ఉండాలి. స్పీకర్ వైరుకు అదే రకం జాక్ ఉన్నా దానికి షీల్డ్ ఉండదు, రొద లాక్కుంటుంది. తర్వాత గెయిన్, అంటే యాంప్‌లోకి వచ్చే సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే నాబ్. ‘ఇ’ తీగను వీలైనంత గట్టిగా మీటుతూ గెయిన్ పెంచుకుంటూ పోతే ఒకచోట స్వరం చిట్లుతుంది. అక్కడి నుంచి కాస్త తగ్గిస్తే సరైన స్థానం. బ్యాటరీ ఉన్న యాక్టివ్ బేస్ సిగ్నల్ బలంగా ఉంటుంది కనుక త్వరగా చిట్లుతుంది. అలాంటప్పుడు యాంప్‌లో యాక్టివ్ ఇన్‌పుట్ ఉంటే అది వాడాలి.

ఇక బేస్, మిడ్, ట్రెబుల్. మూడింటినీ నడిమికి తెచ్చి, బేస్‌ను కొంచెం తగ్గించి, మిడ్‌ను కొంచెం పెంచితే వేళ్ల పని బయటపడుతుంది. ఎడమ వేలు ఫ్రెట్‌కు దూరంగా పడిందా, మీటని తీగ మోగుతూ ఉండిపోయిందా, రెండు వేళ్లూ సమానంగా మీటుతున్నాయా అన్నవన్నీ వినిపిస్తాయి. నేర్చుకునేవాళ్లకు ఇది కఠినంగా అనిపించినా మేలు చేసే అమరిక ఇదే.

యాంప్ ఎక్కడ పెట్టారన్నది నాబ్‌ల కన్నా ఎక్కువ తేడా తెస్తుంది. 4 మీటర్ల పొడవున్న గది సుమారు 43 హెర్ట్జ్ దగ్గర ప్రతిధ్వనిస్తుంది. గది నడుమ నిలబడితే ‘ఇ’ బలహీనపడుతుంది, గోడ దగ్గరికి జరిగితే పొంగుతుంది. మూలన పెడితే అడుగు స్వరాలు ఇంకా బలపడతాయి, మితిమీరితే బురబురమంటాయి. నేల మీద కాకుండా కుర్చీ మీదో స్టూలు మీదో పెడితే శబ్దం కాళ్లకు బదులు చెవులకు చేరుతుంది, కింది ఫ్లాట్‌లోకి పోయే అదురూ తగ్గుతుంది. ఏదో ఒక స్వరం దగ్గరే జరజరమని వినిపిస్తే యాంప్‌ను అనుమానించే ముందు కిటికీ అద్దాలనూ అరలోని స్టీలు గ్లాసులనూ చేత్తో పట్టి చూడాలి. సాధారణంగా దొంగ అక్కడే దొరుకుతాడు.

వాయించకపోయినా మోగే ‘మ్‌మ్’ శబ్దానికి వేరే కారణం ఉంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ‘ఇ’ తీగ మూడో ఫ్రెట్‌లో ఉండే ‘జి’ 49 హెర్ట్జ్. అందుకే ఆ రొద కాస్త శృతి తప్పిన ‘జి’లా వినిపిస్తుంది. చార్జర్లకూ ట్యూబ్‌లైట్లకూ దూరంగా జరిగి, గిటార్ ముఖం తిప్పిన దిశ మార్చి చూస్తే చాలాసార్లు తగ్గుతుంది. రొద పోతుందని మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్‌ను మాత్రం ఎప్పుడూ తీసేయకూడదు. అది ప్రాణాలను కాపాడే తీగ.

రాత్రివేళ హెడ్‌ఫోన్ తప్పదు, మంద్ర స్వరాలు గోడలు దాటిపోతాయి కనుక. దాన్ని గుచ్చగానే చాలా యాంప్‌లలో స్పీకర్ ఆగిపోతుంది. వైరున్న హెడ్‌ఫోనే వాడాలి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వచ్చి వేలికీ చెవికీ లయ కుదరదు. ఫోన్‌లోని పాటను ఆక్స్ సాకెట్ ద్వారా కలిపి, దాని కన్నా బేస్‌ను ఒక మెట్టు పైన ఉంచుకుంటే తాళం తప్పిన చోటు వెంటనే తెలుస్తుంది.

ఈ యాంప్ డ్రమ్స్ ముందు నిలవదు. చర్చి ఆరాధనలోనో ఆర్కెస్ట్రాలోనో వాయించేటప్పుడు లైన్ అవుట్ ఉన్న మోడల్ అయితే దాన్ని మిక్సర్‌కు కలిపి, యాంప్‌ను వాయించేవారికి వినిపించేందుకు మాత్రమే ఉంచుకోవచ్చు. సాధన అయ్యాక వాల్యూమ్ తగ్గించి, స్విచ్ ఆపి, కేబుల్ తీసేయాలి. యాక్టివ్ బేస్‌కు జాక్ గుచ్చి ఉన్నంతసేపూ లోపలి బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.