వాచ్‌లో ఆక్సిజన్ 97, కిట్ నెగెటివ్... అయినా అమ్మకి కొవిడ్!

రివ్యూ కోసం వాడుతున్న స్మార్ట్‌వాచ్‌ని ఆ రాత్రి అమ్మ చేతికి పెట్టాను. ఒళ్లు కాలిపోతోంది, పొడి దగ్గు. స్క్రీన్ మీద ఎస్పీఓ2 97 అని వచ్చింది. మెడికల్ షాపులో కొన్న కొవిడ్ కిట్ కూడా నెగెటివే. "ఏం లేదమ్మా, మామూలు జలుబే" అనేశా. మర్నాడు అమ్మ పక్కింటి చంటిపాపని ఎత్తుకుని ఆడించింది. మూడో రోజు ఆర్‌టీ-పీసీఆర్ చేయిస్తే పాజిటివ్!

మరి రెండు గాడ్జెట్లూ తప్పు చెప్పాయా? లేదు. వాటిని నేనే తప్పుగా చదివా.

వాచ్ ఏం చూస్తుంది?

ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్, లేని హిమోగ్లోబిన్ ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ కాంతుల్ని వేర్వేరుగా పీల్చుకుంటాయి. ఆ తేడా నుంచే శాతం లెక్కిస్తారు. జపాన్ ఇంజినీర్ టకువో అవొయాగి 1970ల్లో కనిపెట్టిన పద్ధతి ఇది. వేలికి పెట్టే ఆక్సిమీటర్‌లో కాంతి వేలి గుండా వెళ్తుంది. వాచ్ మాత్రం చర్మం నుంచి వెనక్కి వచ్చే కాంతినే చదవాలి. స్ట్రాప్ వదులైనా, చెయ్యి కదిలినా, చల్లబడినా రీడింగ్ తేడా వస్తుంది. చర్మం రంగు వల్ల కూడా ఆక్సిమీటర్ లెక్క తప్పొచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరించింది.

అసలు విషయం ఇంకోటుంది. వైరస్ ముక్కు, గొంతులోనే ఉన్నంతవరకు సాధారణంగా ఆక్సిజన్ తగ్గదు. ఊపిరితిత్తులు దెబ్బతింటేనే తగ్గుతుంది. అంటే 97 చూసి వైరస్ లేదనుకోకూడదు.

కిట్ ఎందుకు పట్టుకోలేదు?

ర్యాపిడ్ కిట్ వైరస్ ప్రొటీన్‌ని వెతుకుతుంది. శాంపిల్‌లో అది సరిపడా ఉంటేనే గీత పడుతుంది. మొదటి రోజు అంత ఉండకపోవచ్చు. ఆర్‌టీ-పీసీఆర్ అయితే వైరస్ ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చి, ఒక్కో సైకిల్‌కి రెట్టింపు చేస్తుంది. లెక్క ప్రకారం 30 సైకిళ్లకి ఒక్క కాపీ 100 కోట్లు దాటుతుంది. అందుకే కొంచెం ఉన్నా దొరుకుతుంది. ఇంకోటి, కొవిడ్ కిట్ ఫ్లూనీ, ఆర్‌ఎస్‌వీనీ గుర్తించదు.

ఇప్పుడు నేనేం చేస్తున్నానంటే

• లక్షణాలుండి కిట్ నెగెటివ్ వస్తే 48 గంటల తర్వాత మళ్లీ టెస్ట్, లేదా ఆర్‌టీ-పీసీఆర్. అప్పటిదాకా మాస్క్.
• పసిపిల్లలకి, పెద్దవాళ్లకి దూరం. ఫ్లూ అయితే లక్షణాలు కనిపించడానికి ఒక రోజు ముందే అంటుకోవచ్చు.
• ఆక్సిజన్ చూడాలంటే వేలి ఆక్సిమీటరే. గోళ్ల రంగు తీసేసి, చెయ్యి వెచ్చగా పెట్టుకుని, కదలకుండా కూర్చుని చూడాలి. 94 కంటే తగ్గితే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.
• ఆయాసం, పెదాలు నీలంగా మారడం, మగత ఉంటే అంకె ఎంతున్నా ఆసుపత్రికే. పసిపాప పాలు తాగకపోయినా, ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగరేస్తున్నా అంతే.

అమ్మ వారంలో కోలుకుంది. పాపకి ఏమీ కాలేదు, అది మా అదృష్టం. ఆ వాచ్‌కి నేనిచ్చిన రేటింగ్ తగ్గించలేదు. కానీ ఇకపై ఎస్పీఓ2 ఫీచర్ గురించి రాసిన ప్రతిసారీ ఒక లైన్ తప్పకుండా రాస్తా: ఇది జబ్బు ఉందో లేదో తేల్చే టెస్ట్ కాదు.