దీపమా? సర్కిలా?

మా నెల్లూరులో గాంధీబొమ్మ సెంటరు గాని, వి.ఆర్.సి. సెంటరు గాని దాటిన వృద్ధులెవరైనా "హమ్మయ్య!" అనుకోవలసిందే. ఇటువంటి కూడళ్ళకు దీపాలు మేలా, నడుమ గుండ్రని సర్కిలు మేలా?

1868లో లండనులో పెట్టిన మొట్టమొదటి దీపం గ్యాసుది. కొద్ది వారాలకే పేలి పోలీసును గాయపరిచింది. నేటి దీపానికి ఆ భయం లేదు గాని, రోడ్డు ఖాళీగా ఉన్నా బండిని నిలబెడుతుంది. సర్కిలు నిలబెట్టదు, వేగాన్ని మాత్రం తగ్గిస్తుంది. పైగా నాలుగు రోడ్లు కలిసే చోట బండ్లు ఢీకొనగల తావులు 32 అయితే, ఒంటివరుస సర్కిలులో 8 మాత్రమే!

అయితే కిటుకంతా ఒక్క మర్యాదలో ఉంది. సర్కిలు చుట్టూ తిరుగుతున్న బండికే ముందు దారి. బ్రిటన్ 1966లో ఈ నియమం పెట్టింది. మన 2017 నిబంధనలూ అదే చెబుతున్నాయి. అది పాటించక అందరూ ఒక్కసారే దూరితే సర్కిలు పద్మవ్యూహమే!

కనుక జనం కిక్కిరిసిన బజారులో దీపమే శరణ్యం. బడిపిల్లలు రోడ్డు దాటడానికి వ్యవధి ఇచ్చేది ఎర్రదీపమే. నడిచేవారు తక్కువై, చోటు విశాలంగా ఉన్న కూడలికి సర్కిలు చాలు. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె తిప్పించేవారు, సర్కిలులో ముందు దారి ఎవరిదని కూడా ఒక్క ప్రశ్న అడగరాదా?