కంప్యూటర్లు టైము ఎలా కలుపుకుంటాయి?

హైదరాబాదు హైటెక్ సిటీలో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఈనాడు ఆ చుట్టుపక్కల భవనాలలో వేలాది కంప్యూటర్లు రేయింబవళ్ళు పనిచేస్తున్నాయి. ప్రతి కంప్యూటర్‌లోనూ ఒక గడియారం ఉంటుంది. చేసిన ప్రతి పని పక్కనా కంప్యూటర్ సమయం వేసుకుంటుంది.

ఒక కంప్యూటర్‌లో మీ నాన్నగారు బ్యాంకులో డబ్బు వేసినట్లు, మరొక దానిలో తీసినట్లు నమోదయింది అనుకోండి. రెండు గడియారాలూ కలవకపోతే, వేయకముందే తీసినట్లు తేలుతుంది! దొంగలు కంప్యూటర్లలోకి చొరబడినప్పుడూ ఇదే చిక్కు. ఏది ముందు, ఏది వెనుక? అందుకే దేశంలోని సంస్థలు తమ కంప్యూటర్ల గడియారాలను ప్రామాణిక సమయంతో కలపాలని 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది.

గడియారాలు ఎందుకు తప్పుతాయి? కంప్యూటర్ గడియారానికి ఆధారం క్వార్ట్జ్ స్ఫటికపు కంపనాలు. వేడి మారితే వాటి వేగమూ కొద్దిగా మారుతుంది. లక్షలో ఒక్క వంతు తేడా వచ్చినా, రోజుకు 86,400 సెకన్లు కనుక, దాదాపు 0.86 సెకను తప్పుతుంది.

ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ పరమాణు గడియారాలతో భారత ప్రామాణిక సమయాన్ని నిర్ణయిస్తుంది. అక్కడికి కబురు పంపి "టైమెంత?" అని అడిగితే చాలదా? చాలదు. జవాబు దారిలో ఉండగానే సమయం గడిచిపోతుంది. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన హైదరాబాదు చేరడానికి కనీసం 6 మిల్లీసెకన్లు, అంటే సెకనులో వెయ్యో వంతులు ఆరు, పడుతుంది.

ఈ చిక్కు విప్పడానికి అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ మిల్స్ రూపొందించిన పద్ధతి ఎన్.టి.పి. ఇది 1985లో వెలువడింది. దాని లెక్క మీరూ చేయగలరు.

మీ గడియారంలో 4 గంటలకు బయలుదేరి మిత్రుని ఇంటికి నడిచారు. అక్కడి సరైన గడియారంలో 4-15. కాసేపు కూర్చుని 4-25కు లేచారు. ఇల్లు చేరేసరికి మీ గడియారంలో 4-30. మొత్తం 30 నిమిషాలలో కూర్చున్న 10 తీసివేస్తే నడక 20. ఒకవైపు 10. కాబట్టి ఇల్లు చేరినప్పుడు అసలు సమయం 4-35. మీ గడియారం 5 నిమిషాలు వెనుకబడింది!

అయితే ఇక్కడొక మెలిక ఉంది. రాకకూ పోకకూ ఒకే సమయం పట్టిందనుకున్నాం. వెళ్ళేటప్పుడు పల్లం, వచ్చేటప్పుడు ఎత్తు అయితే? పోవడానికి 5, రావడానికి 15 నిమిషాలు పడితే అసలు సమయం 4-40. మన లెక్క 5 నిమిషాలు తప్పింది. ఎంత తప్పినా అది మొత్తం నడకలో సగాన్ని, అంటే 10 నిమిషాలను, మించదు. ప్రయాణం తగ్గితే తప్పూ తగ్గుతుంది. కనుకనే ఎన్.టి.పి. ఒకసారి అడిగి ఊరుకోదు. చివరి 8 జవాబులలో అన్నిటికంటే త్వరగా వెళ్ళివచ్చిన దానిని నమ్ముతుంది.

ఇంకా సూక్ష్మంగా కావాలంటే పి.టి.పి. అనే పద్ధతి ఉంది. ఇది 2002లో వచ్చి, తరువాత మెరుగుపడింది. ఇందులో దారిలోని యంత్రాలు కబురును ఎంతసేపు ఆపాయో కూడా చెబుతాయి. అప్పుడు తేడా సెకనులో పది లక్షో వంతు కన్నా తగ్గగలదు.

ఈ ఆదివారం ఒక గడియారాన్ని కావాలని తప్పుగా పెట్టి, మిత్రుని ఇంటికి నడిచివచ్చి లెక్క కట్టండి. మరోసారి సైకిలుపై వెళ్ళి, నడిచి రండి. లెక్క ఎంత తప్పిందో, ఎందుకు తప్పిందో మీకే తెలుస్తుంది.